హారం ఎవరు రాశారు? రాస్ బార్న్స్, క్యాప్ ఆన్సన్ లెక్కలు



గణాంకాలు చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసానికి బేస్‌బాల్ ఏమిటని, ఆహ్వానపత్రం అందిన మిత్రులు ఫోన్ చేసి మరీ అడిగారు. అడగవలసిన మాటే. మనది క్రికెట్ దేశం. బేస్‌బాల్ అంటే అమెరికాలో మనవడు ఆదివారం పూట టోపీ పెట్టుకుని వెళ్లే ఆట అన్నంతవరకే మనలో చాలామందికి తెలుసు. కానీ ఇంత పాతకాలం నుంచి, ఇంత వివరంగా లెక్కలు రాసిపెట్టుకున్న ఆటలు చాలా తక్కువ. 1876లో ఒక ఆటగాడు ఎన్నిసార్లు బ్యాటు పట్టాడో, అందులో ఎన్నిసార్లు నెగ్గాడో ఇవాళ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. లెక్కలు ఇంత పుష్కలంగా ఉన్నచోటే అవి మనిషిని ఎలా తికమక పెడతాయో కూడా బాగా తెలుస్తుంది. మాస్టారు తరగతిలో ఎవరు ఏ సగటు చెప్పినా "దేనితో భాగించావు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న పట్టుకుని ఇద్దరు ఆటగాళ్ల దగ్గరికి వెళతాను. ఒకరు రాస్ బార్న్స్. రెండోవారు ఏడ్రియన్ ఆన్సన్, లోకానికి క్యాప్ ఆన్సన్.

ముందుగా ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. బ్యాట్స్‌మన్ వంతు వచ్చినప్పుడు బంతిని కొట్టి, ఎవరి తప్పూ సాయం లేకుండా క్షేమంగా మొదటి బేస్ చేరితే అది హిట్. బంతి వేసే పిచర్ చెడ్డ బంతులు వరసగా వేస్తే బ్యాట్స్‌మన్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళతాడు, అది వాక్. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. హిట్ల సంఖ్యను బ్యాటింగ్ వంతుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది బ్యాటింగ్ సగటు. .429 అంటే వెయ్యి వంతులకు 429 హిట్లన్న మాట. మూడు వందలు దాటినవాడు మంచి బ్యాట్స్‌మన్, నాలుగు వందలు అపురూపం.

ఈ లెక్కల పద్ధతికి మూలపురుషుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1824లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాసుకుంటూ బేస్‌బాల్ వైపు మళ్లినవాడు. ఆట మొత్తాన్ని అరచేతి వెడల్పు పట్టికలో సర్దడం అతని నుంచే స్థిరపడింది. క్రికెట్‌లో పరుగులను ఔట్లతో భాగిస్తాం. బేస్‌బాల్‌లో హిట్లను వంతులతో భాగిస్తారు. రెండు సగటులూ ఒకే ఇంటి పిల్లలు, కానీ హారాలు వేరు. వంతు అంటే ఏమిటో ఎవరు నిర్ణయిస్తారు? అక్కడే తంటా అంతా ఉంది.

బార్న్స్ 1850లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ మోరిస్‌లో పుట్టాడు. ఆన్సన్ 1852లో అయొవాలోని మార్షల్‌టౌన్‌లో. ఇద్దరికీ రెండేళ్ల తేడా. ఇద్దరి ప్రస్థానంలోనూ ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్ అనే ఊరు ఉంది. అక్కడి ఫారెస్ట్ సిటీ జట్టులో బార్న్స్, అతని స్నేహితుడు అల్ స్పాల్డింగ్ కుర్రతనంలోనే పేరు తెచ్చుకున్నారు. 1871లో నేషనల్ అసోసియేషన్ పేరుతో మొదటి ప్రొఫెషనల్ లీగ్ మొదలైనప్పుడు మేనేజరు హ్యారీ రైట్ ఆ ఇద్దరినీ తన బోస్టన్ రెడ్ స్టాకింగ్స్‌కు పట్టుకుపోయాడు. అదే ఏడాది పందొమ్మిదేళ్ల ఆన్సన్ రాక్‌ఫర్డ్‌లో అడుగుపెట్టాడు. వారు దిగిపోయిన బండిలో ఇతను ఎక్కాడు. ఆ సీజన్‌తోనే ఆ జట్టు మూతపడింది, ఆన్సన్ ఫిలడెల్ఫియా వెళ్లాడు. తరువాతి నాలుగేళ్లూ వరసగా బోస్టన్‌దే విజేత స్థానం. 1875లో అయితే ఆ జట్టు 71 గెలిచి 8 మాత్రమే ఓడింది. మిగతా జట్లకు ఆడటం దండగనిపించేంత ఆధిక్యం అది. చికాగో యజమాని విలియం హల్బర్ట్ బోస్టన్ నుంచి స్పాల్డింగ్, బార్న్స్ సహా నలుగురిని, ఫిలడెల్ఫియా నుంచి ఆన్సన్‌ను రహస్యంగా ఒప్పించి, పాత లీగ్ తనమీద చర్య తీసుకునేలోగా 1876 ఫిబ్రవరిలో నేషనల్ లీగ్ అనే కొత్త కుంపటి పెట్టాడు. మన ఇద్దరూ ఒక జట్టులోకి వచ్చింది అప్పుడే. ఆ ఏడు చికాగో 52 గెలిచి, 14 ఓడి మొదటి స్థానంలో నిలిచింది.

ఇక అంకెలు. ఇవాళ్టి ప్రామాణిక పట్టికల ప్రకారం బార్న్స్ 9 సీజన్లలో 499 ఆటలు ఆడి 860 హిట్లు కొట్టాడు, సగటు .360. ఆన్సన్ 27 సీజన్లలో 2,524 ఆటలు ఆడి 3,435 హిట్లు కొట్టాడు, సగటు .334. సగటు చూస్తే బార్న్స్, మొత్తం చూస్తే ఆన్సన్. ఇంతటితో ఆపి "ఎవరికి వారే గొప్ప" అని చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ ఈ అంకెల్లో ఒక్కటీ నేరుగా మైదానం నుంచి వచ్చింది కాదు.

పరుగులతో మొదలుపెడతాను. బార్న్స్ 499 ఆటల్లో 698 పరుగులు చేశాడు, అంటే ఆటకు 1.4. ఆన్సన్‌కు ఆటకు 0.8 దగ్గర పడతాయి. 1876లో బార్న్స్ 66 ఆటల్లో 126 పరుగులు చేశాడు, ఆటకు దాదాపు రెండు. ఇవాళ ఎంత పెద్ద ఆటగాడైనా ఆటకు ఒక పరుగు చేస్తే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మరి బార్న్స్ అంత మొనగాడా? మొనగాడే. అయితే అప్పుడు ఫీల్డర్లకు గ్లోవ్స్ లేవు. వట్టి చేతులతో బంతి పట్టేవారు, వేళ్లు వంకర్లు పోయేవి, తప్పులు కోకొల్లలు. పిచర్ చేయి నడుము కింది నుంచి, 45 అడుగుల దూరం నుంచి బంతి వేసేవాడు. పైగా బంతి ఎత్తుగా కావాలో పల్లంగా కావాలో బ్యాట్స్‌మన్ అడిగి వేయించుకునే హక్కు ఉండేది. బేస్ మీదికి చేరినవాడు పరుగు చేయడం ఇప్పటికన్నా చాలా సులువు.

బార్న్స్ పేరు చెప్పగానే ఎవరైనా ఎత్తేది ఫెయిర్-ఫౌల్ హిట్. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. బ్యాట్స్‌మన్ ముందు నుంచి మొదటి బేస్ వైపు ఒక గీత, మూడో బేస్ వైపు ఒక గీత ఉంటాయి. రెండు గీతల మధ్యది ఆట జరిగే నేల, బయటిది ఫౌల్. ఆనాటి నిబంధన ప్రకారం బంతి మొదట తాకిన చోటు లోపలైతే చాలు, ఆ తరువాత ఎటు దొర్లినా ఆట సాగుతుంది. బార్న్స్ బ్యాటును బంతి మీదుగా కిందికి కోసినట్టు ఆడేవాడు. బంతి అతని కాళ్ల ముందే, గీతకు జానెడు లోపల నేలను తాకి, గిర్రున తిరిగి, మూడో బేస్ దగ్గరున్న ఫీల్డర్‌కు అందకుండా గీత దాటి ప్రేక్షకుల వైపు పరుగు తీసేది. ఫీల్డర్ వెంటపడి తెచ్చేలోగా ఇతను మొదటి బేస్ మీదనో, రెండో బేస్ మీదనో ఉండేవాడు. అడ్డుకుందామని మూడో బేస్ ఫీల్డర్ గీత అవతల నిలబడితే, లోపల ఖాళీ అయిన చోటుకు మామూలు దెబ్బ కొట్టేవాడు. ఈ విద్యను కనిపెట్టింది డికీ పియర్స్ అంటారు. దాన్ని పరాకాష్ఠకు తీసుకుపోయింది మాత్రం బార్న్స్.

1877 సీజన్‌కు ముందు నిబంధన మారింది. బంతి మొదటి బేస్‌నో మూడో బేస్‌నో దాటకముందే గీత బయటికి పోతే ఫౌల్ అన్నారు. ఆ ఏడాది బార్న్స్ సగటు .429 నుంచి .272కు జారింది. ఇంకేముంది, కథ తయారైంది: నిబంధన మార్చారు, బార్న్స్ పని అయిపోయింది, అంటే అతనిదంతా ఒక్క కిటుకే. చదవడానికి ఈ కథ బాగుంటుంది. నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు. 1877లో అతను ఆడింది 22 ఆటలే. సీజన్ మొదట్లోనే చలిజ్వరంలాంటి జబ్బు పట్టి మంచానపడ్డాడు, ఒళ్లు మళ్లీ మునుపటిలా కుదుటపడలేదు. ఆడని రోజులకు క్లబ్బు జీతం ఆపేస్తే కోర్టుకెక్కి ఓడిపోయాడు. 1878లో కెనడాలోని లండన్ అనే ఊరి జట్టుకు ఆడి, 1879లో సిన్సినాటీకి, 1881లో బోస్టన్‌కు తిరిగొచ్చి .266, .271 సగటులతో ముగించాడు. ఒకే సమయంలో రెండు కారణాలు తోడైతే ఏది ఎంత పని చేసిందో ఒక్క మనిషి లెక్కలతో విడదీయలేం. ఇక్కడున్న విద్యార్థులకు ఇది కొత్త సంగతేమీ కాదు, పరీక్షలో రాసిందే. పైగా ఆ నిబంధన బార్న్స్ ఒక్కడికోసం పెట్టింది కాదు. 1876లో లీగ్‌లోని ప్రతి బ్యాట్స్‌మన్‌కూ అదే గీత, అదే నేల. లీగ్ మొత్తం సగటు .265 ఉండగా, అదే జట్టులో ఆన్సన్ .356 కొట్టాడు, బార్న్స్ .429 కొట్టాడు. అందరికీ తెరిచి ఉన్న తలుపులోంచి ఒక్కడే లోపలికి వెళ్లగలిగితే, గొప్పతనం తలుపుది ఎలా అవుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ రాత్రి మీరు ఏది మరిచిపోయినా వాక్‌ల వ్యవహారం మాత్రం గుర్తుంచుకోండి.

1876లో బార్న్స్ 322 వంతుల్లో 138 హిట్లు కొట్టాడు, అందుకే .429 అంటున్నాం. కానీ ఆ ఏడాది లీగ్ ప్రకటించిన లెక్కలో ఈ అంకె లేదు. కారణం ఇది: వాక్ మీద మొదటి బేస్‌కు వెళ్లినా దాన్ని ఒక బ్యాటింగ్ వంతుగా, అంటే హిట్ కొట్టలేకపోయిన వంతుగా ఆ ఏడు లెక్కపెట్టారు. అప్పట్లో వాక్ దొరకాలంటే దాదాపు తొమ్మిది చెడ్డ బంతుల దాకా ఓపిక పట్టాలి. బార్న్స్ ఆ సీజన్‌లో 20 వాక్‌లు సంపాదించాడు, లీగ్ అంతటిలోనూ అదే ఎక్కువ. వాటిని హారంలో కలిపితే 322 కాస్తా 342 అయింది. 138ని 342తో భాగిస్తే .404. ఓపిక పట్టి నిలబడినందుకు పాతిక పాయింట్ల జరిమానా.

పదకొండేళ్లు ముందుకు జరగండి. 1887లో నిబంధనలు రాసేవారికి మరో ఆలోచన వచ్చింది. వాక్‌ను ఏకంగా హిట్‌గా లెక్కపెట్టమన్నారు. ఆ ఏడాది ఆన్సన్ 472 వంతుల్లో 164 హిట్లు కొట్టి, 60 వాక్‌లు తీసుకున్నాడు. లవానికి 60, హారానికి 60 కలిపితే 532లో 224. సగటు .421. దాంతో ఆ ఏడాది బ్యాటింగ్ కిరీటం అతనిదే అయింది. వాక్‌లు తీసేస్తే అతనికి మిగిలేది .347, కిరీటం డెట్రాయిట్ ఆటగాడు శామ్ థాంప్సన్‌కు .372తో పోతుంది. మరుసటి ఏడాదే ఆ నిబంధనను ఎత్తేశారు. అందుకే 1887లో విజేత ఎవరంటే ఏ పుస్తకం తెరిచారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఒకే పని ఇది. చెడ్డ బంతిని కొట్టకుండా వదిలేసి మొదటి బేస్‌కు నడిచి వెళ్లడం. దానికి బార్న్స్‌కు శిక్ష పడింది, ఆన్సన్‌కు బహుమానం దక్కింది. ఇవాళ్టి పద్ధతిలో వాక్ అటూ ఇటూ చేరదు, లవంలోనూ ఉండదు, హారంలోనూ ఉండదు. మూడు తక్కెళ్లలో మూడు రకాల రాళ్లు వేసి ఇద్దరినీ తూచి, తేడా గ్రాముల్లో చెబుతున్నాం. చాడ్విక్ లాంటివారి వాదన ఏమిటంటే, వాక్ పిచర్ చేసిన తప్పు, బ్యాట్స్‌మన్ గొప్ప కాదు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ బంతిని వదిలేయడం కూడా విద్యేనని ఆట పండితులంతా ఒప్పుకోవడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఆన్సన్‌కు అన్యాయం చేయకూడదు. వాక్‌ల గొడవ లేని ఒక ఏడాది చూద్దాం. 1881లో అతను 343 వంతుల్లో 137 హిట్లు కొట్టాడు. సగటు .399. ఇంకొక్క హిట్ పడి ఉంటే నాలుగు వందలు దాటేవాడు. బార్న్స్ 1876 అంకెలు పక్కన పెట్టుకుని చూడండి: 322లో 138, 343లో 137. ఒకరి ముఖం ఒకరు అద్దంలో చూసుకున్నట్టుంది. లీగ్ సగటుతో పోలిస్తే బార్న్స్ 62 శాతం ఎక్కువ, ఆన్సన్ 53 శాతం ఎక్కువ. ఆన్సన్ కొట్టిన ఆ వేసవిలోనే పిచర్ స్థలాన్ని 45 అడుగుల నుంచి 50 అడుగులకు వెనక్కి జరిపారు. అదే వేసవిలో బార్న్స్ బోస్టన్‌లో తన చివరి ఆటలు ఆడుతున్నాడు.

లీగ్‌తో పోల్చకుండా వట్టి అంకె చూస్తే ఎలా బోల్తా పడతామో చెప్పడానికి 1894 ఒక్కటి చాలు. అంతకుముందు ఏడాది పిచర్‌ను 60 అడుగుల 6 అంగుళాల దూరానికి పంపారు. ఇవాళ్టికీ అదే దూరం. అంత దూరం నుంచి వేయడం అలవాటుకాక పిచర్లు చేతులెత్తేశారు, లీగ్ సగటే .309కి పెరిగింది. నలభై రెండేళ్ల ఆన్సన్ .388 కొట్టాడు. నలభై రెండేళ్ల మనిషికి అది అద్భుతమే. కానీ తోటివారితో పోలిస్తే పాతికేళ్ల వయసు బార్న్స్ దరిదాపుల్లోకి రాదు.

ఒకే దెబ్బతో నాలుగు బేస్‌లూ చుట్టివచ్చే హోమ్ రన్ల సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. బార్న్స్‌కు నేషనల్ లీగ్ చరిత్రలోని మొట్టమొదటి హోమ్ రన్ కొట్టిన ఖ్యాతి ఉంది. 1876 మే 2న సిన్సినాటీలో కొట్టాడు, ఆ సీజన్‌కంతా అతనికి అదొక్కటే. ఆన్సన్ జీవితకాలంలో 97 కొట్టాడు. అందులో 21 ఒక్క 1884లోనే. ఆ ఏడాది అతనికి కొత్త బలమేమైనా వచ్చిందా అంటే, లేదు. చికాగో లేక్‌ఫ్రంట్ మైదానంలో రెండు పక్కల కంచెలూ రెండు వందల అడుగులైనా లేవు. అంతకుముందు ఏడాది దాకా ఆ కంచె దాటితే రెండు బేస్‌లే ఇచ్చేవారు. 1884లో దాన్నే హోమ్ రన్ అన్నారు. ఆ జట్టులోని నెడ్ విలియమ్సన్ 27 కొట్టి, 1919లో బేబ్ రూత్ 29 కొట్టేవరకు ఒక సీజన్ రికార్డు తన పేరిటే ఉంచుకున్నాడు. మరుసటి ఏడాది జట్టు వేరే మైదానానికి మారింది, హోమ్ రన్ల జోరు తగ్గిపోయింది.

ఇక మొత్తాల లెక్క. ఆన్సన్ అభిమానులు చివరికి వచ్చి నిలబడేది ఇక్కడే: 3,435 హిట్లు. నిజమే, పెద్ద అంకె. అయితే 1871లో బార్న్స్ బోస్టన్ తరఫున ఏడాదంతా ఆడినవి 31 ఆటలు. అంతకన్నా ఎక్కువ ఆడదామన్నా లీగ్‌లో ఆటలు లేవు. 1897లో ఆన్సన్ నలభై అయిదేళ్ల వయసులో 114 ఆటలు ఆడాడు. బార్న్స్ కుర్రతనంలోని మూడు వేసవులు కలిపితే గానీ ఆన్సన్ ముసలితనపు ఒక సీజన్‌కు సరితూగవు. మన దగ్గర దీనికి సరిపోయే మనిషి సి.కె. నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం నుంచి వచ్చి భారత మొదటి టెస్టు కెప్టెన్ అయినవాడు. టెస్టు పట్టికలో ఆయన పేరుకెదురుగా 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, సగటు 25 అని ఉంటుంది. ఈ కాలపు కుర్రవాడు అది చూసి పెదవి విరుస్తాడు. 1932లో దేశం మొదటి టెస్టు ఆడేనాటికే ఆయనకు 36 నిండాయని, 1916లో మొదలుపెట్టి 1963 దాకా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడాడని, ఆ పట్టికలో ఆయన పరుగులు 11,825 అని చెబితే తప్ప నోరు మూయడు.

ఈ మొత్తాన్నీ ఇంకొక చోట కోత కోశారు. 1968లో అమెరికా బేస్‌బాల్ పెద్దలు పాత రికార్డులను సరిచేయడానికి ఒక ప్రత్యేక సంఘం వేశారు. ఏ లీగ్‌లను పెద్ద లీగ్‌లుగా గుర్తించాలన్నది తేల్చడం ఆ సంఘం పని. ఆరింటిని గుర్తించి, 1871 నుంచి 1875 వరకు నడిచిన నేషనల్ అసోసియేషన్‌ను మాత్రం బయట పెట్టారు. షెడ్యూలు సక్రమంగా లేదు, నిర్వహణ పద్ధతిగా లేదు అన్నది కారణం. అది అబద్ధం కాదు. జట్లు సీజన్ మధ్యలో చేతులెత్తేసేవి, ఒప్పుకున్న ఆటలకు పోయేవి కావు.

ఆ నిర్ణయం మన ఇద్దరి మీద ఎలా పడిందో చూడండి. ఆన్సన్ మొత్తంలోంచి 423 హిట్లు పోయాయి. 3,435 కాస్తా 3,012 అయింది. ఎనిమిదింట ఒక వంతు తరుగు, మూడు వేల మైలురాయి అయినా నిలిచింది. బార్న్స్ 860లోంచి 531 పోయాయి. 265 ఆటలు, .391 సగటు, నాలుగు విజేత సీజన్లు చెరిగిపోయి, మిగిలింది నాలుగు సీజన్లు, 234 ఆటలు, .319. ఒకడికి పైపంచె పోయింది, ఇంకొకడికి పంచే పోయింది. 1872లో బార్న్స్ .430, ఆన్సన్ .415. 1873లో .431, .398. ఇద్దరూ ఎదురెదురు జట్లలో, వయసులో, పూర్తి ఆరోగ్యంతో పోటీపడిన ఏళ్లు అవి. పోల్చడానికి అన్నిటికన్నా పనికొచ్చే ఆ ఏళ్లే అధికారిక పద్దులో లేవు.

ఇంతవరకు పద్దులో ఉన్నవారి గురించి చెప్పాను. పద్దులోకి రానివ్వని వారి గురించి చెప్పకుండా ఆన్సన్ లెక్క ముగించడం నాకు సమ్మతం కాదు. మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి క్యాచర్ 1884లో టొలీడో తరఫున పెద్ద లీగ్‌లో 42 ఆటలు ఆడి .263 సగటు తెచ్చుకున్నాడు. అంతకు ఏడాది ముందు, 1883 ఆగస్టులో, ఆన్సన్ తన చికాగో జట్టుతో టొలీడోకు ప్రదర్శన ఆటకు వెళ్లి, వాకర్ మైదానంలో ఉంటే తాము ఆడబోమని మొండికేశాడు. టొలీడో మేనేజరు ఛార్లీ మోర్టన్ తక్కువవాడు కాదు. ఆడకపోతే టిక్కెట్ల డబ్బులో వాటా రాదన్నాడు. ఆన్సన్ లోలోపల రుసరుసలాడుతూనే ఆడాడు. 1887 జూలైలో న్యూయార్క్ పక్కనున్న న్యూఅర్క్‌లో అదే బెదిరింపు. ఈసారి అక్కడి జట్టులోని నల్లజాతి పిచర్ జార్జ్ స్టోవీ ఆడలేదు, ఒంట్లో బాగాలేదని ప్రకటించారు. సరిగ్గా అదే రోజు ఇంటర్నేషనల్ లీగ్ డైరెక్టర్లు బఫెలోలో కూర్చుని ఇకమీదట నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని తీర్మానించారు. వర్ణవివక్ష ఆన్సన్ ఒక్కడు తెచ్చిపెట్టింది కాదు, ఒక్కడు ఆపగలిగేదీ కాదు. కానీ అతను ఆ రోజుల్లో దేశంలో అందరికన్నా పేరున్న ఆటగాడు, ఆ పేరును దేనికి వాడాడో చరిత్రలో ఉంది. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. స్టోవీ లాంటి పిచర్ల బంతులను పెద్ద లీగ్‌లో ఎదుర్కోవలసిన అవసరం లేకుండా కొట్టిన హిట్లు కూడా ఆ 3,435లో ఉన్నాయి.

పద్దు తిరగరాయడం సాధ్యమేనని ఈ మధ్యే రుజువైంది. 1920 నుంచి 1948 వరకు నల్లజాతి ఆటగాళ్లతో నడిచిన నీగ్రో లీగ్‌లను 2020 డిసెంబరులో పెద్ద లీగ్‌లుగా గుర్తించి, 2024 మే నెలలో ఆ ఆటగాళ్ల గణాంకాలను అధికారిక పట్టికలో కలిపారు. జీవితకాల సగటులో జాష్ గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు, దశాబ్దాలుగా అక్కడున్న టై కాబ్ .367తో ఒక మెట్టు దిగాడు. అనుకున్నట్టే గోల మొదలైంది. ఆ లీగ్‌ల సీజన్లు చిన్నవి, షెడ్యూలు సక్రమంగా లేదు అన్నారు. నేషనల్ అసోసియేషన్‌ను బయటపెట్టేటప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే. ఒకచోట ఈ వాదన నిలవదని తేలాక, రెండో చోట ఇంకా ఎందుకు నిలిచి ఉందో సమాధానం చెప్పవలసిన బాధ్యత పద్దు చేతిలో ఉన్నవారిది.

అయితే ఇద్దరిలో ఎవరు గొప్ప? తప్పించుకోను. ఇరవై ఏళ్లు నడవాల్సిన జట్టు నా చేతికిచ్చి ఒక్కడిని ఎంచుకోమంటే ఆన్సన్‌నే తీసుకుంటాను, వాకర్ విషయంలో అతను చేసింది తెలిసీ, ఆట వరకు మాట్లాడితే. మేనేజరుగా అయిదుసార్లు లీగ్ గెలిపించాడు. 1897లో అతను వెళ్లిపోయాక పత్రికలు ఆ జట్టును అనాథలని పిలిచాయి, ఆ పేరు కొన్నేళ్లు అతుక్కుపోయింది కూడా. కానీ 1871 నుంచి 1876 దాకా ఆరేళ్లు తీసుకుంటే, ఏ హారంతో భాగించినా, వాక్‌లు కలిపినా తీసేసినా, లీగ్ సగటుతో పోల్చినా మానినా, అమెరికాలో బార్న్స్‌ను మించిన ఆటగాడు లేడు. ఆన్సన్ కూడా కాదు.

బార్న్స్ 1915లో చికాగోలో చనిపోయాడు. ఆన్సన్ 1922లో అదే ఊళ్లో. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆన్సన్ ఫలకం 1939లోనే వెలిసింది. బార్న్స్‌తో కలిసి బోస్టన్‌కు ఆడిన జార్జ్ రైట్, స్పాల్డింగ్ కూడా అక్కడున్నారు. బార్న్స్ లేడు. కనీసం పది సీజన్లు ఆడి ఉండాలన్నది అక్కడి నిబంధన, అతను ఆడినవి తొమ్మిది. క్లీవ్‌లాండ్ పిచర్ ఎడీ జాస్ ఆడినవీ తొమ్మిదే. అతను 31 ఏళ్లకే 1911లో చనిపోతే, 1978లో నిబంధన సడలించి లోపలికి తీసుకున్నారు. పదో సీజన్‌కు ముందు ఒకడిని చావు ఆపింది, ఇంకొకడి ఒంట్లో సత్తువను జబ్బు తీసేసింది. జాస్‌కు ఇచ్చిన సడలింపు బార్న్స్‌కూ ఇవ్వాలి, నేషనల్ అసోసియేషన్ అయిదేళ్లనూ తిరిగి పద్దులో కలపాలి. విద్యార్థుల్లో ఎవరికైనా ఓపిక ఉంటే ఆ అయిదేళ్ల ఆటల పట్టికలు తిరగేయండి, నా లెక్కలో తప్పుంటే పట్టుకోండి.